ఇంటి వైఫైయు, కావలి కెమెరాలును: రైతు స్వయముగా చక్కబెట్టుకొను విధము

గడచిన కోతకాలమున మేము పర్చూరు వైపు నల్లరేగడి గ్రామములలో తిరుగుచు ఒక సభ్యుని కళ్లమునకు పోయితిమి. పది పదునైదు దినములు కాయ నారబోసి, తాలు వేరుచేసి, టిక్కీలు కట్టి, గుంటూరు యార్డునకు పంపుటకు సిద్ధముగా నుంచిన మిరపలో ఏడు టిక్కీలు ఒక రాత్రి మాయమైనవి. కళ్లపు నాలుగు మూలలను నాలుగు కెమెరాలున్నవి. వాని ఎర్రని దీపములు రాత్రియెల్ల వెలుగుచునే యుండెను. కాని రికార్డరు తెరచి చూడగా అందు నలువది దినములనుండి ఒక్క బొమ్మయు లేదు. లోపలి డిస్కు ఏనాడో చెడిపోయినది; చూచినవారు లేరు. ఆ సభ్యుడు మమ్ము, “అయ్యా, ఇంతకంటె ఖరీదైన కెమెరాలు కొనవలెనా?” అని యడిగెను. వలదంటిమి.

కెమెరా యనునది కన్ను మాత్రమే. ఆ కంటికి నరమువంటిది తీగ, లేదా వైఫై. జ్ఞాపకమువంటిది రికార్డరు. ఇక ఆ కన్ను చూచినది మన మొక్కరమే చూచుటకు కావలసిన తాళము రహస్యపదము, అనగా పాస్‌వర్డు. ఈ మూడింటిని చక్కబెట్టకుండ క్రొత్త కన్నులు కొనుట కట్ట తెగిన చెరువునకు నీరు పెట్టుటయే. ఈ చక్కబెట్టు పని మోటారు స్టార్టరు విప్పి బిగించుకొను రైతునకు కష్టము కాదు. వాడరేవునందు మా యింట మేము చేసికొన్న పద్ధతినే సభ్యుల ఉపయోగార్థము ఇచట వివరించుచున్నాము.

మొదట కాగితముమీద

2017 డిసెంబరు 27న ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ పథకమును అప్పటి రాష్ట్రపతి శ్రీ రామ్‌నాథ్ కోవింద్ గారు ప్రారంభించిరి. కరెంటు స్తంభములమీదుగా గాజుతీగ పల్లెలకు సాగినది. ఇతర కంపెనీల కనెక్షనులును వచ్చినవి. కనెక్షను ఇచ్చినవారు తమ పెట్టెను వీధితలుపు ప్రక్కను బిగించి పోవుదురు. తీగ తక్కువ పట్టునని వారి లెక్క. ఆ పిమ్మట మనము ఆ పెట్టెకే ఫోనులు, టీవీ, కెమెరాలు ఒకటొకటిగా తగిలించెదము. బొమ్మ ఆగి ఆగి వచ్చినపుడు దోషము కెమెరాదని తలంచెదము.

కావున మొదట ఒక కాగితము తీసికొని ఇంటి నక్షా గీయవలెను. గోడలు, రేకుల పంచ, ఇనుప బీరువా, నీళ్లట్యాంకు, చెట్లు, పశువుల పాక, కళ్లము ఎచటెచట నున్నవో గుర్తింపవలెను. పెట్టె యెచట, కెమెరాలెచట, వానిమధ్య నెన్ని గజములు, ఎన్ని గోడలు అనునవి వ్రాయవలెను. సగము రోగము ఈ కాగితముమీదనే తెలియును.

వైఫై కనబడని రేడియో తరంగము. ఇందు వాడుకలో నున్నవి ముఖ్యముగా రెండు తరగతులు. 2.4 గిగాహెర్ట్జు తరంగము పొడవు సుమారు పన్నెండున్నర సెంటీమీటరులు. అది గోడలను కొంతవరకు దాటి దూరము పోవును గాని వేగము తక్కువ, ఇరుగుపొరుగు పెట్టెలతో రద్దీ యెక్కువ. 5 గిగాహెర్ట్జు తరంగము పొడవు ఆరు సెంటీమీటరులకు లోపు. వేగ మెక్కువ గాని రెండు గోడలు అడ్డమైనచో నీరసించును. రేకు, ఇనుము తరంగమును త్రిప్పికొట్టును. నీరు దానిని త్రాగివేయును. ఆకునందు నీరు గలదు గనుక గుబురైన సరుగుడు తోట సైతము గోడవంటిదే.

మా యింట పెట్టె రేకుల పంచలో, ఇనుప బీరువా చాటున నుండెను. దానిని నడిమి సావిడిలో, ఆరడుగుల యెత్తున, అడ్డము లేనిచోట పెట్టితిమి. దానితో పెరటి కెమెరా బొమ్మ నిలిచినది. 2.4 తరగతిలో ఒకదానితో నొకటి పెనగులాడని మార్గములు 1, 6, 11 అను మూడే. పొరుగువారు ఏది వాడుచున్నారో ఫోనులో చూచి మనము వేరొకటి యెన్నుకొనవలెను.

తీగయే మేలు

కదలని వస్తువునకు తీగయు, కదలెడి వస్తువునకు వైఫైయు అనునది మా సూత్రము. కెమెరా గోడకు బిగించినది, కదలదు. కావున వీలైనంతవరకు దానికి తీగయే వేయవలెను. క్యాట్-6 అను తీగ ఒక్కదానిలోనే బొమ్మయు కరెంటును పోవును. రికార్డరు వద్ద నుంచెడి పి.ఓ.ఇ. స్విచ్చి యీ కరెంటు నిచ్చును. సామాన్యపు స్విచ్చి ఒక్కొక్క తీగకు 15.4 వాట్ల వరకు ఇయ్యగలదు. కెమెరాకు కావలసినది సాధారణముగా అంతకంటె తక్కువ. తీగ ఒక్కొక్క వరుస 100 మీటరులు మీరరాదు.

తీగ కొనునపుడు లోపలి తంత్రులు శుద్ధమైన రాగివో కావో చూడవలెను. అల్యూమినియముపై రాగిపూత పూసిన తీగ చౌకగా దొరకును గాని దూరము పోయిన కొలది కరెంటు పడిపోవును. తంత్రిని కత్తితో గీకినచో పూత పోయి తెలుపు కనబడును. ఆరుబయట వేయుటకు ఎండకోర్చు నల్లతొడుగు తీగ తీసికొనవలెను.

కొనకు బిగించు తలకాయలో ఎనిమిది తంత్రుల వరుస యిది: నారింజచారల తెలుపు, నారింజ, ఆకుపచ్చచారల తెలుపు, నీలము, నీలిచారల తెలుపు, ఆకుపచ్చ, గోధుమచారల తెలుపు, గోధుమ. రెండు కొనలను ఇదే వరుస యుండవలెను. మొదటి రెండు మూడు తలకాయలు చెడిపోవుట సహజము. మాకు ఐదు చెడినవి.

సముద్రపు గాలి తగులు మా వాడరేవువంటి యూళ్లలో ఇనుప మర ఒక వర్షాకాలము దాటదు. స్టెయిన్‌లెస్ స్టీలు మరలే వాడవలెను. అతుకులన్నియు మూతగల ప్లాస్టిక్ పెట్టెలో నుంచవలెను. తీగ పెట్టెలోనికి పోవుటకు ముందు క్రిందికొక వంపు విడిచినచో వాననీరు ఆ వంపున కారిపోవును గాని లోనికి పోదు. కెమెరా అద్దముమీద ఉప్పుపొర పేరుకొనును. రాత్రివేళ కెమెరా దీపపు వెలుగు ఆ పొరపై పడి బొమ్మ యంతయు తెల్లబారును. పక్షమున కొకసారి మంచినీట తడిపిన మెత్తని గుడ్డతో తుడువవలెను. సాలెగూడును అప్పుడే తీసివేయవలెను.

కళ్లము ఇంటికి ఫర్లాంగు దూరమున నున్నచో రాగితీగ పనికిరాదు; పిడుగుపాటు వేళ అది ఇంటిలోనికి ప్రమాదమును తెచ్చును. గాజుతీగ కా భయము లేదు. అదియు వీలుకానిచో రెండు చిన్న ఆంటెనాలను ఎదురెదురుగా నిలిపి 5 గిగాహెర్ట్జులో బొమ్మను పంపవచ్చును. కాని ఒకదానికొకటి కండ్లకు కనబడవలెను, నడుమ చెట్టు రాకూడదు.

ఎంత చోటు, ఎన్ని దినములు

ఇక లెక్కలు చూతము. రెండు మెగాపిక్సెల్ కెమెరా హెచ్.265 పద్ధతిలో సెకనుకు సుమారు 2 మెగాబిట్లు పంపుననుకొందము. రోజునకు 86,400 సెకనులు. ఎనిమిది బిట్లు ఒక బైటు గనుక ఒక కెమెరాకు రోజునకు 21.6 గిగాబైట్లు పట్టును. నాలుగు కెమెరాలకు 86 గిగాబైట్లు. ఒక టెరాబైటు డిస్కు పదునొకండు దినములకు నిండి, పాతది చెరిపి క్రొత్తది వ్రాయనారంభించును. కాయ ఆరుటకు పదునైదు దినములు పట్టునెడల రెండు టెరాబైట్ల డిస్కు కావలెను. రికార్డరునకు తగిన, రేయింబవళ్లు తిరుగుటకై చేసిన డిస్కునే కొనవలెను. ఈ బొమ్మ యింటిలోనే నిలువ యగును గనుక ఇంటర్నెట్ ఖర్చు కాదు. పొలమునుండి ఫోనులో చూచినపుడే ఖర్చగును.

ముఖము గుర్తుపట్టుటకు మీటరు వెడల్పునకు సుమారు 250 చుక్కలు కావలెనని అంతర్జాతీయ ప్రమాణము. రెండు మెగాపిక్సెల్ బొమ్మ వెడల్పున 1,920 చుక్కలుండును. అనగా ఏడున్నర మీటరుల వెడల్పు వరకే ముఖము తెలియును. ముప్పది మీటరుల కళ్లమునంతను ఒకే కెమెరాతో చూచినచో ఎవరో మనిషి తిరిగినాడని తెలియును గాని, వాడెవడో తెలియదు. కావున ఒక కెమెరాను కళ్లముపైకి గాక, బండి వచ్చు దారిమీదికి ఎక్కుపెట్టవలెను. తూర్పుముఖముగా పెట్టినచో ఉదయమున సూర్యుడు దానిని గ్రుడ్డిదానిని చేయును; ఉత్తరముగానో దక్షిణముగానో త్రిప్పవలెను.

తాళము లేని తలుపు

ఇపుడు అన్నిటికంటె ముఖ్యమైన మాట. మా యింట కెమెరాలు బిగించినవారు రికార్డరును తమ ఫోనులోని ఖాతాలో నమోదు చేసికొని, మాకు చూచుటకు మాత్రము అనుమతి యిచ్చి పోయిరి. రెండేండ్లు మాకీ సంగతి తెలియదు. క్రొత్త ఫోనులో ఎక్కింపబోగా, ఈ రికార్డరు ఇదివరకే వేరొకరి పేర నున్నదని వచ్చెను. విచారింపగా ఆ ఖాతా ఆ దుకాణమున పనిచేసి మానుకొనిపోయిన యొక కుర్రవాని ఫోనులో నింకను తెరచియే యుండెను. మా యింటి ఆడువారు కూర్చుండి మాటలాడుకొను పెరడు రెండేండ్లు పరుల చేతిలో నుండెనన్నమాట. అతడు చూచెనో లేదో దేవునికే తెలియును. మేము సిగ్గుపడితిమి. దొంగకొరకు పెట్టిన కన్ను మన యింటివైపే తిరిగియుండుట కంటె అవమాన మేమున్నది?

ఇది పల్లెలకే పరిమితమైన అజాగ్రత్త కాదు. 2016లో మిరాయి అను దుష్ట ప్రోగ్రాము లోకమంతట కెమెరాలను, రికార్డరులను, వైఫై పెట్టెలను లక్షలకొలది వశపరచుకొనెను. అది చేసిన విద్య పెద్దది కాదు. ఫ్యాక్టరీలో పెట్టిన అరువదికి పైగా పేరు-పాస్‌వర్డు జతలను ఒకటివెంట నొకటి ప్రయోగించి, యజమాని మార్చనివానిలో దూరెను. 2016 అక్టోబరు 21న అట్టి యంత్రముల సేనతో అమెరికాలో డైన్ అను కంపెనీపై దాడి జరుగగా ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ మొదలగు పెద్ద పెద్ద తావులు కొన్ని గంటలు స్తంభించినవి. మిరాయిని తయారుచేసిన ముగ్గురు యువకులు 2017లో న్యాయస్థానమున తప్పు ఒప్పుకొనిరి. తాళము మార్చుకొనని గృహస్థుల కెమెరాలే ఆ దాడికి ఆయుధములైనవి.

కావున సభ్యులు ఈ క్రింది పనులు ఈ వరుసనే చేయవలెను.

1. రికార్డరు ఖాతా ఎవరి పేర నున్నదో చూడుడు. బిగించినవారి పేర నున్నచో తొలగింపజేసి మీ ఫోను నంబరుతో నమోదు చేసికొనుడు. ప్రవేశమునకు ఓటీపీ అడుగు ఏర్పాటున్నచో పెట్టుకొనుడు.

2. పాస్‌వర్డులు నాలుగు విధములు: వైఫైది, వైఫై పెట్టె లోపలిది, రికార్డరుది, కెమెరాలవి. నాలుగును మార్చుడు. ఒకదానితో నొకటి సంబంధము లేని నాలుగైదు మాటలు కూర్చినచో గుర్తుండును, ఊహకందదు. నాగలి, ఉప్పు, చిలుక, గొడుగు అనునట్లు. కాని ఇచట అచ్చైన మాటలే వాడవలదు. పుస్తకములో వ్రాసి బీరువాలో నుంచుడు; గోడమీద వ్రాయవలదు.

3. వైఫై తాళమునకు డబ్ల్యు.పి.ఏ.3 శ్రేష్ఠము, ఇది 2018లో వచ్చినది. పాత కెమెరాలు దానిని గ్రహింపనిచో డబ్ల్యు.పి.ఏ.2 చాలును. డబ్ల్యు.ఇ.పి. అనునది ఎంతమాత్రము వాడరాదు. అది నిమిషములలో ఊడివచ్చును. మీట నొక్కినంతనే కలుపు డబ్ల్యు.పి.ఎస్. అను సౌకర్యమును ఆపివేయుడు.

4. పెట్టెలో పోర్టు ఫార్వర్డింగు, యు.పి.ఎన్.పి. అనునవి యున్నచో మూయుడు. ఇవి ఇంటి ప్రహరీకి మనకు తెలియకుండ పెట్టిన దొడ్డిదారులు.

5. చుట్టములకు, కూలివారి ఫోనులకు గెస్టు వైఫై వేరుగా నిండు. కెమెరాలు, రికార్డరు మాత్రము కలిసి యొకే తావున, తక్కినవానికి ఎడముగా నుండవలెను. కెమెరాలను గెస్టులో పెట్టి రికార్డరును బయట నుంచినచో ఒకదానికొకటి కనబడవు. ఈ పొరపాటు మేమును చేసితిమి.

6. క్రొత్త వైఫై పెట్టె కొన్నచో దానిని యాక్సెస్ పాయింటుగా పెట్టుడు. పాతదియు క్రొత్తదియు రెండును పెత్తనము చేయబోయినచో ఒక యింట ఇద్దరు మేస్త్రీలున్నట్లు పని చెడును.

7. కంపెనీవారు విడుదల చేయు సవరణలను, అనగా ఫర్మ్‌వేర్‌ను, మూడు మాసముల కొకసారి యైనను ఎక్కించుడు. సవరణలు మానివేసిన పాత కెమెరాకు ఇంటర్నెట్ తగులనీయక ఇంటిలోపలనే వాడుడు. క్రొత్తది కొనువారికి ఒక మాట: కెమెరాలకు భద్రతా పరీక్షలు తప్పనిసరి చేయుచు భారత ప్రభుత్వము 2024 ఏప్రిలులో నియమములు ప్రకటించెను, అవి 2025 ఏప్రిలు నుండి అమలునకు వచ్చినవి. ఆ రిజిస్ట్రేషను ఉన్న సరుకునే అడిగి తీసికొనుడు.

8. గడియారము సరిచేయుడు. వేళ తప్పుగా నున్న బొమ్మ సాక్ష్యమున చిక్కులు తెచ్చును. 2024 జూలై 1 నుండి అమలులో నున్న భారతీయ సాక్ష్య అధినియమము 63వ సెక్షను క్రింద ఇట్టి రికార్డునకు ధ్రువపత్రము జతపరుపవలెను గనుక, దొంగతనము జరిగినచో బొమ్మను చెరిపివేయక, రికార్డరును కదపక, పోలీసువారికి తెలుపుడు.

పొరుగువాని వాకిలి

మన కావలి మన హద్దులోనే యుండవలెను. పొరుగువారి స్నానపుగది, పడకటింటి కిటికీ, స్త్రీలు నీళ్లకు పోవు త్రోవ కెమెరాలో పడకుండ త్రిప్పవలెను. త్రిప్పుట వీలుకానిచో ఆ భాగమును నల్లగా కప్పివేయు ఏర్పాటు అనేక కెమెరాలలో గలదు. ఒకరి మర్మభాగములను వారి సమ్మతి లేక చిత్రించుట, ఆ చిత్రమును పంపుట సమాచార సాంకేతిక చట్టము 2000 యందలి 66-ఇ సెక్షను క్రింద నేరము. మూడేండ్ల వరకు ఖైదు, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండును విధింపవచ్చును. ఊరిలో తగవులకు గట్టు తగవే చాలును. కెమెరా తగవు క్రొత్తగా తెచ్చుకొనరాదు. కెమెరా బిగించుటకు ముందు పొరుగింటివారిని పిలిచి బొమ్మ చూపుట మంచిది. మీ ఖాతాలో ఎవరైన దూరినట్లు తోచినచో 1930 నంబరునకు ఫోను చేసి సైబరు నేరముల విభాగమునకు తెలుపవచ్చును.

కరెంటు పోయిననాడు

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్లవద్ద తీరము దాటినది. అట్టి దినములలో మొదట పోవునది కరెంటు, దానితోడనే కెమెరా. నాలుగు కెమెరాలకు 24 వాట్లు, రికార్డరునకు 13, వైఫై పెట్టెకు 10, ఫైబరు పెట్టెకు 8, వెరసి 55 వాట్లు అనుకొందము. 12 వోల్టుల 150 ఆంపియర్-అవర్ ఇన్వర్టరు బ్యాటరీలో 1,800 వాట్-అవర్లుండును. బ్యాటరీ క్షేమము, నష్టము లెక్కించి సగమే వాడినను పదునారు గంటలు నడచును. కాని ఫ్యానులు కూడ దానిమీదనే తిరిగినచో ఈ లెక్క చెల్లదు. కెమెరా సామగ్రికి వేరు లైను వేయుట మేలు. సర్జి ప్రొటెక్టరు, సరియైన ఎర్తు తప్పనిసరి. గోడలో కరెంటు లైను పని మాత్రము లైసెన్సుగల ఎలక్ట్రీషియనుచేతనే చేయింపవలెను. అది స్వయముగా చేయుపని కాదు.

సంఘము చేయదగినది

క్యాట్-6 తీగ పెట్టె ఒకటి 305 మీటరులు. ఒక్క యింటికి డెబ్బది మీటరులు చాలును. నలుగురు సభ్యులు కలిసి ఒక పెట్టె కొన్నచో వ్యర్థము లేదు. తలకాయలు బిగించు పట్టకారు, తీగ పరీక్షించు చిన్న యంత్రము సంవత్సరమున కొక్కసారి వాడు వస్తువులు; వానిని ప్రతివారును కొననేల? సంఘము ఒక్కొక్కటి కొని, స్ప్రేయరులవలెనే అద్దె లేకుండ వంతులవారీగా ఇచ్చిన చాలును.

ఇక చివరి మాట. పనియంతయు ముగిసిన రాత్రి ఇంటిలో నొకరిని రెండుగంటల వేళ వాకిటనుండి కళ్లమువరకు నడచి రమ్మనవలెను. తెల్లవారి ఆ బొమ్మను రికార్డరునుండి వెనుకకు త్రిప్పి చూడవలెను. నడచినది ఎవరో ముఖము తెలిసినచో మీ పని చక్కగా నున్నది. తెలియనిచో ఎక్కడ లోపమో వెదకి సరిచేయవలెను. ఆపైని ప్రతి ఆదివారమున ఐదు నిమిషములు అటులే వెనుకటి రాత్రి బొమ్మ చూచు అలవాటు చేసికొనవలెను. పైన చెప్పిన సభ్యుడు ఆ ఐదు నిమిషములు చూచియుండినచో నలువది దినముల ముందే డిస్కు మార్చియుండును.

కెమెరా దొంగను పట్టుకొనదు, ఆపదు. కాయ కళ్లములో నున్నన్నాళ్లు మనిషి కావలి మానరాదు. చూచినదానిని దాచుటయే కెమెరా పని. అది దాచుచున్నదో లేదో, ఎవరికొరకు దాచుచున్నదో కనిపెట్టుట యజమాని పని. ఇసుకమీద కట్టిన ఇంటికి రంగు వేసినందువలన గాలివాన ఆగదు గనుక, క్రొత్త కెమెరా కొనుటకు ముందు తీగ, డిస్కు, తాళము ఈ మూడింటిని పరీక్షించుకొందురుగాక యని సభ్యులను కోరుచున్నాము.

— వ్యవసాయ డిమాన్‌స్ట్రేటరు, వాడరేవు